‘నెక్స్ట్’ అనని టీచరు

కోస్గి నుంచి నారాయణపేట పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఒక పల్లె ఉంది. ఆ పల్లె ప్రైమరీ స్కూల్లో నిరోష టీచరు నాలుగో తరగతికి చదువు చెబుతుంది. చదువు చెప్పే టీచర్లకు జిల్లాలో కొదవేమీ లేదు కాబట్టి అది పెద్ద సంగతి కాదు. పెద్ద సంగతి ఆమె పంతం. పోయిన దసరా దాకా ఆమె క్లాసులో ఒక పిల్లనో పిల్లవాణ్ణో లేపి ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్న వాళ్లదే. పక్కవాళ్లకు తెలిసినా చెప్పనిచ్చేది కాదు. ‘నెక్స్ట్’ అనే మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

‘మేడం, మీ సిలబస్ ఈ సంవత్సరమే అయితదా, పిల్లలు పెద్దగయి పెండ్లిళ్లు చేసుకున్నంక అయితదా?’ అని తోటి టీచర్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. అయినా ఆ కుందేలును ఆమె ఊరికే పట్టలేదు. అసలు టీచరు కావడమే ఆ ఒక్క మాట మీది కోపంతో అయింది. ఆ కోపం ఎక్కడిదో తెలియాలంటే జానయ్య సారు దగ్గర మొదలుపెట్టాలి.

తెలంగాణ వచ్చిన సంవత్సరం నిరోష హైస్కూల్లో ఏడో తరగతికి వచ్చింది. ఊళ్లో రంగులు చల్లుకున్నారు, బడిలో మిఠాయిలు పంచారు, ఇక అన్నీ మారతాయని పెద్దలు మురిసిపోయారు. లెక్కల పీరియడ్ మాత్రం మారలేదు.

జానయ్య సారును చెడ్డవాడంటే ఆ ఊరు ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. వానొచ్చినా ఎండ కాసినా బడికి వచ్చేవాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు హైదరాబాదులో నౌకరీలు చేస్తూ పండక్కి వస్తే ముందు ఆయనకు దండం పెట్టి ఇంటికి పోయేవాళ్లు. ఒకప్పుడు ఆయన చేతిలో ఈతబరిక ఉండేది. పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చాక బరికను మూలకు పెట్టి, మన బళ్లలో తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతిని బయటికి తీశాడు. ప్రశ్న అడుగుతాడు. మొదటి బెంచీ కొసన ఉన్న పిల్ల చెప్పకపోతే ‘నెక్స్ట్’. పక్కపిల్ల కూడా చెప్పకపోతే మళ్లీ ‘నెక్స్ట్’. ఎవరు జవాబు చెబితే వాళ్లు లేచి, చెప్పలేనివాళ్ల దగ్గరికల్లా పోయి, ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద ఒక్కటి వెయ్యాలి.

‘సర్కారు మమ్ముల కొట్టద్దన్నది. మంచిది, నేను కొడ్తలేను. పిల్లలు పిల్లలు కొట్టుకోవద్దని యాడ రాసున్నది?’ అని స్టాఫ్‌రూంలో నవ్వేవాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. తల్లిదండ్రులకు కూడా ఈ పద్ధతి బాగా నచ్చింది. సిగ్గుకైనా చదువుతారని వాళ్ల ఆశ.

నిరోష పక్కన భాగ్యశ్రీ కూర్చునేది. భాగ్యశ్రీ తల్లిదండ్రులు మేస్త్రి వెంట పుణెకు కట్టడాల పనికి పోయారు. పిల్ల ఇక్కడ తన అవ్వ ఈదమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆమెకు నత్తి. మాట లోపల తయారుగానే ఉంటుంది, పెదవుల దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. చిత్రం ఏమిటంటే, ఇద్దరూ కలిసి ఎక్కాలను పాటలాగా పాడుకుంటూ ఇంటికి నడిచినప్పుడు ఆ పిల్లకు ఒక్క అక్షరం తట్టుకునేది కాదు. పదిహేనో ఎక్కం కూడా గడగడా పాడేసేది. అందుకని భాగ్యశ్రీకి లెక్కలు వచ్చన్న సంగతి బడి మొత్తంలో తెలిసింది నిరోషకొక్కదానికే.

కాదు, మరొకరికి కూడా తెలుసు. సుమనకు. ఆ పిల్ల క్లాస్ లీడరు, కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి, తెలివిగలది. భాగ్యశ్రీ తరువాతి సీటులో కూర్చుంటే చాలు, ప్రశ్న తప్పకుండా తన దాకా వస్తుందని కనిపెట్టింది. ఏదో చెప్పి భాగ్యశ్రీకి, నిరోషకు నడుమ సీటు మార్పించుకుంది. ఇక రోజూ అదే తంతు. భాగ్యశ్రీ లేచి, ‘యా... యా...’ అంటుండగానే సారు ‘నెక్స్ట్’ అంటాడు, సుమన ‘యాభై ఆరు సార్’ అంటుంది, సారు ‘శభాష్’ అంటాడు. సుమన నవ్వు మొహంతో ముక్కు పట్టుకుంటుంది. పట్టుకున్నది తొందరగా వదలదు.

సారు నేర్పిన పాఠం లెక్కల పీరియడ్‌తో ఆగితే బాగుండేది. నీళ్ల నల్లా దగ్గర, మూత్రశాల దారిలో, అన్నం వరుసలో, ఎవరు పడితే వాళ్లు భాగ్యశ్రీకి ఎదురొచ్చి ‘ఏడెనిమిదులు?’ అని చిటిక వేసేవాళ్లు. చిటికలోపు జవాబు రాకపోతే ముక్కు, చెంప. చిన్న క్లాసుల పిల్లలు కూడా దాన్ని ఆటనుకుని నేర్చుకున్నారు. ఎవరైనా టీచరు చూసినా, పిల్లలు ఎక్కాలు అడుక్కుంటున్నారని సంతోషించి పోయేవాళ్లు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ సంతోషం తలచుకుంటేనే.

ఒకరోజు సుమనకు జ్వరం వచ్చి బడికి రాలేదు. ప్రశ్న వచ్చింది, భాగ్యశ్రీ లేచింది, ‘నెక్స్ట్’ పడింది. తరువాతిది నిరోష. అలవాటుగా నోరు జారి జవాబు చెప్పేసింది. చెప్పాక గానీ తాను ఏం చేయాల్సి వస్తుందో గుర్తు రాలేదు.

‘ఊ, పో’ అన్నాడు సారు.

నిరోష పక్కకు తిరిగి స్నేహితురాలి చెంపను తాకీ తాకనట్టు తాకింది.

‘ఏంది బిడ్డా, దుమ్ము దులుపుతున్నవా? గట్టిగ కొట్టు. లేకుంటే ఎట్ల కొట్టాల్నో నీకు వేరేటోళ్లతోని చూపిస్త.’

క్లాసంతా గొల్లున నవ్వింది. నిరోష చెయ్యి లేవలేదు. అప్పుడు భాగ్యశ్రీ, చెయ్యి సరిగ్గా అందేలాగా, తన మొహాన్ని తానే కొంచెం ముందుకు పెట్టింది. కానియ్యి, తొందరగా అయిపోనియ్యి అన్నట్టు. నిరోష కొట్టింది. కొట్టి కూర్చున్నాక ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఇంటికి పోయే దారిలో భాగ్యశ్రీ ఆ ఊసే ఎత్తలేదు. రోజూలాగే ఎనిమిదో ఎక్కం అందుకుంది. నిరోషే రెండడుగులు వెనకపడి నడిచింది.

మరునాటి నుంచి నిరోష మళ్లీ భాగ్యశ్రీ పక్కకే జరిగి కూర్చుంది. సారు ఏం అడిగినా ఆమె జవాబు ఒక్కటే. ‘తెల్వదు సార్.’ సుమన వచ్చేది, రెండు ముక్కులు పట్టుకుని, రెండు చెంపలు వాయించి పోయేది. నిరోషకు చెంప మండినా మనసు కొంచెం చల్లబడేది. ఆ వయసు పిల్లకు అంతకన్నా ఏం చేయాలో ఎట్లా తెలుస్తుంది? చెబుదామంటే భాగ్యశ్రీ ఒట్టు వేయించుకుంది, ‘మా అవ్వకు తెలిస్తే బడి మా... మాన్పిస్తది’ అని. జవాబు చెబితే కొట్టాలి, చెప్పకపోతే మొద్దు. సంగతి బయటపెడితే ఒట్టు తప్పినట్టు, పెట్టకపోతే ఆ పిల్ల రోజూ దెబ్బలు తింటూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పరీక్షలొచ్చాయి. కాగితం మీద ఎవరి ముక్కూ పట్టుకునే పని లేదు కాబట్టి నిరోష వచ్చినవన్నీ రాసింది. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. అడిగితే ఒక్క ఎక్కం చెప్పని పిల్లకు ఇన్ని మార్కులు ఎక్కడివని జానయ్య సారుకు అనుమానం వచ్చింది. కాపీ కొట్టిందని తేల్చి తండ్రి మారయ్యను పిలిపించాడు.

మారయ్య కందిచేను మీద, కూలి మీద బతికే మనిషి. చదువు లేదు గానీ చదువంటే దేవుడంత గౌరవం. సారు ముందు చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు. ఇంటికొచ్చాక కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ‘నా బిడ్డ దొంగదైందా?’ అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటకు నిరోష ఆగలేకపోయింది. ఒట్టు పక్కకు పెట్టి మొత్తం చెప్పేసింది.

పొద్దున్నే మారయ్య బడికి పోయాడు. ఇప్పుడు చేతులు కట్టుకోలేదు. అందరి ముందే, ‘సారూ, నా బిడ్డ దొంగ గాదు. గా నత్తి పిల్లను కొట్టుడు ఇష్టం లేక నోరు మూస్కున్నది. వచ్చి కూడ రానట్టు దెబ్బలు తిన్నది’ అన్నాడు.

జానయ్య సారు కదిలిపోయాడు. నిజంగానే కదిలిపోయాడు, కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆ మనిషికి మనసు లేక కాదు, దాన్ని ఎక్కడ ఎట్లా వాడాలో తెలియక. మరునాడు ప్రార్థన అయ్యాక భాగ్యశ్రీని గద్దె మీదికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, మైకులో చెప్పాడు. ‘ఈ బిడ్డకు నత్తి. అది దేవుడిచ్చింది, ఆమె తప్పు గాదు. ఇగనుంచి ఎవ్వరు ఎక్కిరియ్యద్దు. ఈమెకు ధైర్యం వచ్చేటట్టు అందరు గట్టిగ చప్పట్లు కొట్టుర్రి.’

బడి బడంతా చప్పట్లు కొట్టింది. అంతవరకు ఎందుకు ఏడిపిస్తున్నారో తెలియని ఆరో తరగతి పిల్లలక్కూడా ఆ పొద్దు తెలిసిపోయింది.

ఆ తర్వాత ముక్కు పట్టడం ఆగిపోయింది. సారు మాటంటే మాటే. దాని బదులు, భాగ్యశ్రీ నోరు తెరిస్తే చాలు, సుమన జట్టు చుట్టూ చేరి చప్పట్లు కొట్టేది. నీళ్లు కావాలని అడగబోతే చప్పట్లు. పెన్ను అడగబోతే చప్పట్లు. దూరం నుంచి వింటున్న జానయ్య సారు, పిల్లలు ఎంత మంచివాళ్లో అనుకుని తల ఊపేవాడు. భాగ్యశ్రీ మాట్లాడడం మానేసింది. పాటలాగా పాడే ఎక్కాలు కూడా మానేసింది. ఆఖరికి బడి మానేసింది. ఈదమ్మవ్వ కొన్నాళ్లు బతిమాలి చూసి, తల్లిదండ్రులు వచ్చినప్పుడు పిల్లను పుణె పంపేసింది.

పోయే ముందు నిరోష వాళ్లింటికి పోయింది. భాగ్యశ్రీ గుమ్మంలో నిలబడి, ‘చెప్పద్దన్న గద’ అంది. ఆ మాట ఎక్కడా తట్టుకోలేదు.

చాలా రోజులు నిరోష తిండి సరిగ్గా తినలేదు. చిన్నపిల్ల బుద్ధికి తోచినట్టు ఆలోచించి ఆలోచించి ఒక చోటుకు వచ్చింది. పిల్లలు ఏం చేసినా లాభం లేదు. అమ్మానాయినలు చెప్పినా లాభం లేదు. గదిలో ఏం జరగాలో సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్లే చెప్పాలి. తన చేతిలో సుద్దముక్క ఉంటే ‘నెక్స్ట్’ అననే అనదు. నోరు ఎంతసేపు తట్టుకుంటే అంతసేపూ ఆగుతుంది. అంతే, అంత సులువు.

‘అమ్మా, నేను టీచర్నైత’ అని చేలో కలుపు తీస్తున్న అమృతమ్మతో చెప్పింది.

‘కానియ్యి. ముందుగాల నీ సాలుల గడ్డి పీకు’ అంది అమృతమ్మ.

టీచరు కావడం ఆమె అనుకున్నంత సులువుగా ఏం జరగలేదు. కోస్గిలో ఇంటర్ అయింది, మహబూబ్‌నగర్‌లో టీచరు ట్రైనింగ్ అయింది, టెట్ కూడా అయింది. సర్కారు ఉద్యోగాలు మాత్రం రేపు పడతాయి, మాపు పడతాయి అంటూ పడలేదు. మారయ్యకు మోకాళ్లు పట్టేసి పనికి పోవడం తగ్గింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే గడవదు కాబట్టి ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. అక్కడి కరస్పాండెంటు కిటికీలోంచి తొంగి చూసి, ‘మేడం, స్పీడు, స్పీడు’ అనేవాడు. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు, ‘కండ్లు ఇడ్శిపెట్టుర్రి మేడం, తోలు మీ ఇష్టం’ అని కొట్టడానికి అభయమిచ్చి పోయేవాళ్లు. నిరోష ఎవర్నీ కొట్టలేదు, కొట్టించలేదు. దానికి ప్రతి నెలా చివాట్లు తినేది. మానేద్దామంటే ఇల్లు ఉంది, ఉందామంటే ఊపిరాడదు. నా క్లాసంటూ ఒకటి దొరికితే అప్పుడు చూపిస్తానని పళ్లు బిగబట్టి ఉండిపోయింది.

చివరికి డీఎస్సీ పడింది, ర్యాంకు వచ్చింది, ఈ పల్లెలో ఉద్యోగం వచ్చింది. నాలుగో తరగతి గది, చేతిలో సుద్దముక్క, కిటికీలోంచి తొంగి చూసే కరస్పాండెంటు లేడు. మొదటి రోజే చట్టం చేసింది.

‘ఈ క్లాసుల ఎవ్వరు ఎవ్వరిని కొట్టద్దు, ఎక్కిరియ్యద్దు. నేను ఒకరిని అడిగితే వాళ్లే చెప్పాలె. ఎంతసేపైనా సరే. అందాక మిగిలినోళ్లు నోటి మీద ఏలు పెట్టుకుని సప్పుడు చెయ్యకుంట కూసోవాలె.’

పిల్లలు మంచివాళ్లు, విన్నారు. ఒకరు లేచి నిలబడితే మిగిలిన గదంతా పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చునేది. ఈగ ఎగిరితే వినబడేది. నిరోష సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, నవ్వు మొహంతో ఎదురుచూసేది. ఒక్కోసారి జవాబు వచ్చేది, ఒక్కోసారి గంట కొట్టేది. ఆ నిశ్శబ్దం చూసి ఆమెకు కడుపు నిండేది. జానయ్య సారు ఒక్క రోజు వచ్చి చూస్తే బాగుండుననుకునేది.

ఆ క్లాసులో నవీన్ అని ఒకడున్నాడు. నత్తి గిత్తి ఏమీ లేదు. కూర్చోబెట్టి పలక ఇస్తే లెక్క చేస్తాడు, లేపితే మరిచిపోతాడు. అంతే వాడి జబ్బు. అందుకే వాణ్ణి నిరోష మరింత ఓపికగా చూసేది. మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు లేపేది, ఎక్కువసేపు ఆగేది. ‘ఫికర్ చెయ్యకు బిడ్డా, జర ఆలోచించి చెప్పు’ అనేది. నవీన్ నేల చూపులు చూస్తూ నిలబడేవాడు. ఈ పిల్లవాణ్ణి మాత్రం పోనివ్వనని ఆమె మనసులో అనుకునేది. పుణె పోయినవాళ్లు ఇప్పటికే చాలు.

దసరా సెలవులయ్యాక నవీన్ బడికి రాలేదు. జ్వరమేమో అనుకుంది. మరి కొన్ని రోజులు చూసి పిల్లల్ని అడిగింది. ‘ఆల్లు పుణెకు పోతున్నరంట మేడం. నవీన్‌ను గూడ తీస్కపోతరంట’ అన్నారు. బడి వదలగానే నిరోష చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వాళ్లింటి దారి పట్టింది.

ఇంటి ముందు పీకి తెచ్చిన పల్లిచెట్ల కుప్ప ఉంది. నవీన్ అవ్వ కుప్ప పక్కన కూర్చుని కాయలు తెంపుతోంది. తల్లి బీరమ్మ సంచుల్లో బట్టలు, గిన్నెలు కుక్కుతోంది. తండ్రి సతీశ్ ఒక మూటకు తాడు బిగిస్తున్నాడు. పొద్దున బస్సుకు ప్రయాణం. నవీన్ తలుపు వెనక ఉన్నాడు, మోకాలొక్కటే కనబడుతోంది.

‘అన్నా, మీరు పోవుర్రి, పిల్లగాన్ని అవ్వ దగ్గర ఉంచుర్రి. వాని చదువు ఖరాబు చెయ్యకుర్రి’ అంది నిరోష, నిలబడ్డ చోటి నుంచే.

‘మాకు మాత్రం ఎంట తీస్కపోవాలని ఉన్నదా మేడం?’ అన్నాడు సతీశ్. ‘ఆడ సిమెంటు దుమ్ముల వాడేం జేస్తడు? అవ్వ దగ్గర ఉంచుదమనే అనుకున్నం. వాడే బడికి పోనంటున్నడు. పొద్దుగాల లేస్తే కడుపు నొప్పంటడు.’

నిరోషకు పాత కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. ‘ఎవరు కొట్టిర్రు? ఎవరు ఎక్కిరిచ్చిర్రు? పేరు చెప్పుర్రి, నేను జూస్కుంట.’ ఆ క్షణాన ఎవరి పేరు చెప్పినా వాళ్లింటి మీదికి పోయేదే.

బీరమ్మ మొగుడి వంక చూసింది, అత్త వంక చూసింది. ‘ఎవ్వరు గాదు మేడం’ అంది నసుగుతూ.

‘మరి?’

జవాబు తలుపు వెనక నుంచి వచ్చింది.

‘మేడం కొట్టదు. మేడం లేపితే అందరు నన్నే సూస్తరు. నోటి మీద ఏలు పెట్టుకుని శానసేపు సూస్తరు. మేడం గూడ సూస్తది.’

నిరోష ఒక మాట మీద పగపట్టి ఇంత దూరం వచ్చింది. ఆ మాట అనలేదు, ఏ పిల్ల ముక్కూ ఎవరూ పట్టుకోలేదు. కానీ ముక్కు పట్టి కొట్టేది ఒక్క క్షణం, ఆ తర్వాత కూర్చోవచ్చు. తాను ఈ పిల్లవాణ్ణి గంట కొట్టేదాకా నిలబెట్టింది, చుట్టూ అందరినీ కూర్చోబెట్టి చూపించింది, పైగా నవ్వింది. వాడికి పొద్దున్నే కడుపులో నొప్పి పుట్టించింది సుమన కాదు, జానయ్య సారు కాదు. ‘నెక్స్ట్’ అంటే ఆ పాపం, అనకపోతే ఈ పాపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమెకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు, పొద్దున బస్సు ఉంది.

సతీశ్ తాడు వదిలి లేచాడు. టీచరమ్మ మొహం చూసి ఆయనకే జాలి వేసినట్టుంది. ‘అడుగుర్రి మేడం, మీరే అడుగుర్రి. ఈడ ఉంటడో, మా ఎంట వస్తడో. వాడు ఏదంటే గదే. రారా నవీను, బయటికి రా. మేడం అడుగుతున్నది, చెప్పు.’

నవీన్ గుమ్మంలోకి వచ్చాడు. తండ్రి వాడి వంక చూశాడు. తల్లి చేతిలో చొక్కా పట్టుకుని చూసింది. అవ్వ కాయలు తెంపడం ఆపి చూసింది. గోడవతల నుంచి పక్కింటావిడ కూడా మెడ చాచింది. అందరూ ఆగారు. పిల్లవాడి చూపు నేల మీద పడింది, బొటనవేలు మట్టిని గీరడం మొదలుపెట్టింది. ‘వస్తవా బిడ్డా బడికి?’ అన్న మాట నిరోష నాలుక మీద ఉంది. ఇప్పుడు అడిగితే వాడు చెప్పేది ‘రాను’ ఒకటే అని ఆమెకు తెలిసింది.

మాట మింగేసింది. వాడికి వీపు పెట్టి తిరిగి, అవ్వ పక్కన కింద కూర్చుని, ఒక పల్లిచెట్టు తీసుకుని కాయలు తెంపడం మొదలుపెట్టింది.

‘సతీశన్నా, జర ఇటు రా. నువ్వు గూడ రా అక్కా. అవ్వ ఒక్కతే ఎంతసేపు తెంపుతది?’

సతీశ్‌కు మతి పోయింది. పట్నం చదువులు చదివితే ఇట్లాగే అవుతుందేమో అన్నట్టు పెళ్లాం వంక చూశాడు. అయినా సర్కారు టీచరు మట్టిలో కూర్చుంటే తాను నిలబడడం బాగుండదని వచ్చి కూర్చున్నాడు. బీరమ్మ కూడా వచ్చింది. అందరి చేతులూ చెట్ల మీద, అందరి వీపులూ గుమ్మం వైపు. ‘ఈసారి కాయ బాగనే పట్టిందవ్వా’ అంది నిరోష. ‘ఏం పట్టింది బిడ్డా, సగం లొట్టలే, లోపల గింజ లేదు’ అంది అవ్వ. వెనక చప్పుడు లేదు. వాడు ఉన్నాడో, పెరటి దారిన పోయాడో తెలియదు. తిరిగి చూడడానికి వీల్లేదు. ఆమె ఇన్నేళ్లలో ఎన్ని పరీక్షలు రాసిందో గానీ, తల తిప్పకుండా ఆ కాయలు తెంపడమంత కష్టం ఏదీ కాలేదు. కాయతో పాటు వేరు కూడా ఊడి వస్తోంది.

కాసేపటికి కుప్ప అవతలి పక్కన ఒక చెట్టు కదిలింది. నవీన్ కూర్చుని కాయ తెంపుతున్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. వాడు ఆ పల్లిచెట్టుతో మాట్లాడినట్టుగా అన్నాడు.

‘రేపు నన్ను లేపద్దు.’

‘లేపను’ అంది నిరోష, తన చేతిలోని చెట్టుతో.

‘ఎల్లుండి?’

‘ఎల్లుండి గూడ లేపను.’

‘ఎన్నడు లేపద్దు.’

సతీశ్ ఇక ఆగలేకపోయాడు. ‘గదేంది మేడం? అసలే అడగకుంటే వానికి సదువు ఎట్లొస్తది? వచ్చిందో రాలేదో మీకెట్ల ఎరుకైతది?’

న్యాయమైన ప్రశ్న. ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. పొద్దున ఆ గదిలోకి పోయి ఏం చేస్తుందో, ఎక్కడ నిలబడుతుందో, ఎటు చూస్తుందో ఆమెకే తెలియదు. మాట ఇస్తే అందులో ఇరుక్కుపోతుంది. ఇవ్వకపోతే బస్సు ఉంది.

‘నాకు గూడ ఎరుక లేదన్నా’ అంది నిరోష. తర్వాత కుప్ప అవతలికి చూడకుండానే, ‘సరే బిడ్డా. ఎన్నడు లేపను’ అంది.

నవీన్ తెంపిన కాయను అవ్వ చేటలో వేసి ఇంకో చెట్టు తీసుకున్నాడు. బీరమ్మ చేతులు దులుపుకుని లేచి లోపలికి పోయింది. సర్దిన సంచిలోంచి కొడుకు అంగీలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది.